గూట్లో సీసపు విమానాలు

సంగటి కుండలో సీసం కరిగించాడు మామ!

గంగాదేవి పొయ్యి ముందర అలాగే చతికిలబడిపోయింది. తెల్లవారకముందే లేచి, మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు గంజి పెట్టి, భుజాలు పీక్కుపోతుంటే వచ్చి ఇంత జొన్నసంగటి కెలుకుదామనుకుంటే... కుండ అడుగున తళతళ మెరుస్తూ గడ్డకట్టిన సీసం! పక్కనే పుట్టమన్నుతో చేసిన అచ్చు, ఆ అచ్చులో ఇంకా వేడి చల్లారని యుద్ధవిమానం! ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున ఎవరైనా ఈ సంగతి జోస్యం చెప్పి ఉంటే పకపకా నవ్వి ఉండేది. ఇప్పుడు నవ్వడానికీ ఓపిక లేదు, కోప్పడడానికీ ఓపిక లేదు.

"కోప్పడొద్దమ్మీ..." అన్నాడు గురప్ప, తప్పు చేసిన పిల్లవాడిలా గోడకు ఆనుకుని. "ఇనుప గరిటెకు పిడి ఊడిపాయ. ఒక్క తూరికి ఏమైతాదిలే అనుకొంటి."

"ఈ పొద్దు మా అన్న వస్తాండాడు మామా! ఆయప్పకు దేంట్లో వండి పెట్టాల? నీ విమానం రెక్కల మీద పెట్టాల్నా?"

ముసలాయన ఆ మాట విననే లేదు. అచ్చు పగలగొట్టి, బూడిదతో తోమి, ఆ విమానాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తెచ్చాడు. "ఇది లిబరేటరు. నాలుగు ఇంజన్లు. రంగూను దాకా పోయి బాంబులేసి మళ్లీ వస్తాదంట! నిన్న కాఫీ హోటలు బొజ్జన్న పేపరు చదివి చెప్పినాడు."

"ఊఁ" అంది గంగాదేవి. పక్కింటి గిడ్డమ్మను కుండ బదులడగడానికి లేచింది.

కోడుమూరు సాలెవీధిలో గురప్ప చేతి పనికి ఒకప్పుడు పెట్టింది పేరు. ఆయన నేసిన చీర అంచు చూసి బేరగాళ్లు నోరెత్తేవాళ్లు కాదు. అలాంటి మనిషి ఇప్పుడు మగ్గం ముట్టడు! యుద్ధమొచ్చి నూలు దొరక్క వీధి వీధంతా తల పట్టుకుంటే, ఈయన అంగళ్ల వెంట తిరిగి టీ పెట్టెల్లో పరిచే సీసపు రేకు ఏరుకొస్తాడు. దేవుడి గూట్లో దేవుళ్లను ఒక వారకు నెట్టి విమానాలు పేర్చాడు. హరికేను, స్పిట్‌ఫైరు, వెంజెన్సు, జపానువాళ్ల జీరో... ద్రోణాచలం రైల్వే గార్డు ఒకాయన దగ్గర ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన పోత విమానం బొమ్మ ఉందని తెలిసి, గంగాదేవి నేసిన కొత్త తువ్వాలు పట్టుకుపోయి ఇచ్చి, బొమ్మతో తిరిగొచ్చాడు. తువ్వాలు పోయిందని ఆమె నోరు చేసుకోలేదు. నోరు చేసుకుంటే ఆ తరువాత మళ్లీ ఎవరితో మాట్లాడాలి? ఇంట్లో ఉన్నది ఇద్దరే.

ఆ గూట్లో అన్నిటికంటే ముందుది సోమన్న తెచ్చింది. సోమన్న గురప్పకు ఒక్కడే కొడుకు, గంగాదేవి పెనిమిటి. విమానాల మరమ్మతు పనిలో చేరతానని తండ్రితో పోట్లాడి బెంగుళూరు వెళ్లాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఆకుపచ్చ రంగు వేసిన బొమ్మ విమానం తెచ్చాడు. ఊదితే ముక్కు దగ్గర రెక్క గిర్రున తిరిగేది! "నాయనా, నేను బాగుచేసేది ఇట్లాంటివే" అని చూపించబోతే గురప్ప మొహం తిప్పుకున్నాడు. "సాలోని కొడుకు బొమ్మలు తెచ్చినాడు, సంబడం!" అన్నాడు. సోమన్న బొమ్మను చూరులో పెట్టి మరుసటి రోజే పోయాడు. తరువాత బర్మా పోయాడు. అక్కడి నుంచి వచ్చిందల్లా తంతి ఒక్కటే. సోమన్న ఎక్కిన డకోటా విమానం అరకాను కొండల మీద కనిపించకుండా పోయిందట!

చచ్చిపోయాడని లేదు. బతికున్నాడనీ లేదు.

ఆనాడు ముసలాయన చూరులో చెయ్యి పెట్టి, దుమ్ము పట్టిన ఆ బొమ్మను తీసి పంచెతో తుడిచాడు. అప్పటినుంచి మొదలైంది ఈ పిచ్చి! సాయంత్రమైతే బొజ్జన్న కాఫీ హోటలుకు పోవడం, పేపరులో విమానాల కబురు ఒక్క ముక్క వదలకుండా చదివించుకోవడం, ఇంటికొచ్చి మగ్గం పక్కన కూర్చుని కోడలికి అప్పజెప్పడం. "ఒకాయప్ప అడవిలో పడినాడంట గంగమ్మా. కాళ్లు ఈడ్చుకుంటా, ఆకులు నమిలి, నెలల తరువాత తిరిగొచ్చినాడంట! మనోడు ఎక్కింది డకోటా. అది శానా గట్టిది. ఇంజను ఆగినా గద్ద మాదిరి తేలి దిగుతాదంట." ఆమె "ఊఁ" అనేది. పడుగు మధ్య నూలు నాడెను అటూ ఇటూ విసురుతూనే "ఊఁ" అనేది.

ఆ "ఊఁ" వెనక ఏముందో ఆయనకు తెలియదు.

వాళ్ల వీధిలో ఒక ఆచారం ఉంది. ప్రతి నేతగాడికీ తన సొంత నాడె ఉంటుంది. మనిషి ఊరికి పోతే ఆ నాడెలో నూలు చుట్టిన కండె ఉంచి మగ్గం మీద పెడతారు. వచ్చి కూర్చోగానే పని ఆగకూడదని. మనిషి చచ్చిపోతే మాత్రం, కండె తీసేసి ఖాళీ నాడె పెడతారు. చచ్చినవాడి నాడెలో నూలు ఉంచితే ఆ జీవుడు పని వదిలి పోలేడంటారు. గంగాదేవి సోమన్న మగ్గం మీదనే నేస్తుంది గాని వేరే నాడెతో నేస్తుంది. కొమ్ము మొనలున్న సోమన్న నాడెను అమావాస్య పూజకు తప్ప ముట్టదు.

పోయినేడు ఒక మధ్యాహ్నం ఆమె నూలు జాడించడానికి హంద్రీ ఏటికి పోయింది. తిరిగొచ్చేసరికి మామ గడపలో కూర్చుని ఉన్నాడు. "దావీదురాజని, మనోడితో పని చేసినోడంట. ఊరికి పోతా పలకరించి పోయినాడు" అన్నాడు. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఆ తరువాతి అమావాస్యకు పూజ చేయబోతూ ఆమె సోమన్న నాడెను ఎత్తింది. తేలికగా వచ్చేసింది... లోపల కండె లేదు!

నోటితో ఎన్ని కథలైనా చెప్పగలిగాడు గాని, చచ్చిన కొడుకును నూలుకు కట్టేసి ఉంచడానికి ఆ సాలె చెయ్యి ఒప్పుకోలేదు! గంగాదేవి ఆ ఖాళీ నాడెను గుండెకు హత్తుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. ఏడిస్తే మామకు వినిపిస్తుంది. అందుకని ఏడవలేదు. కొత్త కండె చుట్టి, ఆ నాడెలో పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి ఎప్పటిలాగే ఉంచేసింది. పై అమావాస్యకు గురప్ప పసుపు రాయబోతూ నాడెను ఎత్తాడు. బరువు తెలిసింది. ఆమె మొహంలోకి చూశాడు. ఆ సాయంత్రం విమానాల కబుర్లు మామూలుకంటే రెండింతలు చెప్పాడు! అయ్యో, నేను ఆశ పెట్టుకున్నాననుకున్నాడే అని ఆమె లోలోపల కుమిలిపోయింది. కాదని చెప్పడం ఎలా? చెబితే తెలుసని చెప్పినట్టే. ఆ కబుర్లు అలాగే సాగాయి.

ఎండ నడినెత్తికి వచ్చేవేళకు గంగాదేవి అన్న బసవన్న బండి వీధిలో ఆగింది. చెల్లెలంటే ప్రాణమిచ్చే మనిషి. కాళ్లు కడుక్కోకుండానే లోపలికి వచ్చాడు.

"మూట కట్టుకో గంగా. ఎద్దుల్ని గూడా విప్పను" అన్నాడు.

"ఏమప్పా బసవన్నా, వచ్చీ రాకముందే ఈ మాటేంది?" గురప్ప లిబరేటరును పంచె మడతలో దాచుకుంటూ అన్నాడు. "మా వాడు వచ్చేదాకా ఈ పిల్ల యాడికీ పోదు. నిన్న పేపర్లో గూడా పడింది. బర్మా అడవుల్లో..."

"ఇంక సాలించు మామా!" బసవన్న గొంతు వీధి చివరికి వినిపించింది. "నంద్యాల సంతలో దావీదురాజు కనపడినాడు నాకు! డకోటా కొండకు తగులుకొని కాలిపాయనంట! ఒక్కరు మిగల్లేదంట! ఆ సంగతి పోయినేడే ఈడికొచ్చి, నీ కాళ్ల దగ్గర కూర్చొని చెప్పినాడంట గదా! చెప్పినాడా, లేదా?"

గురప్ప పంచె మడతలోంచి విమానం జారి నేల మీద పడింది.

"నా చెల్లెలి వయసెంత? మళ్లీ ఒక ఇంట్లో దీపం పెట్టుకోవాల్సిన పిల్లను మగ్గం గుంతలోకి దించి, నేయించుకొని తింటా, ఈ బొమ్మలు పోసుకుంటా... నీకు మనసెట్లా వచ్చింది మామా!" బసవన్న గూటి మీదికి చెయ్యెత్తాడు. ఒక్క విసురుకు హరికేనులూ స్పిట్‌ఫైరులూ ఎగిరిపడేవే!

గంగాదేవి అడ్డం వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ముట్టొద్దన్నా! నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆయన లేడని తెలుసు. పోయినేడే తెలుసు."

గురప్ప గోడ పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరు చెప్పిరి తల్లీ నీకు?"

"నువ్వే చెప్తివి మామా... నాడెలో కండె తీసేస్తివి గదా."

"మరి... తిరిగి పెట్టింది?"

"నేనే."

"అయ్యో!" ముసలాయన రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వు కండె పెట్టుకొని ఎదురు చూస్తాండావనుకొంటినే! ఆ పిల్ల ఆశ నా నోటితో తుంచేదెట్లా అని, లేని కబుర్లు గూడా కల్పించి చెప్తినే! బొజ్జన్న చదవనివి గూడా చెప్తినే గంగమ్మా!"

"నాకు తెలుసు మామా. అన్ని విమానాలు అన్ని తూర్లు అడవిలో దిగవు."

బసవన్న చేతులు జారిపోయాయి. కోపమంతా ఎటు పోయిందో, అరుగు మీద కూలబడ్డాడు. గురప్ప మెల్లగా కోడలి ముందుకు వచ్చాడు. ఎన్నడూ లేనిది, ఆమె కళ్లలోకి చూడలేక నేల చూపులు చూశాడు.

"నీ బొట్టు కోసమే దాచినానని చెప్పుకొంటే పుణ్యం వస్తాది గాని, అది నిజం గాదు తల్లీ. నువ్వు పోతే ఈ ఇంట్లో నాకు ఇంత సంగటి పెట్టేదెవరు, నా మాటకు ఊఁ కొట్టేదెవరు? వాడు బొమ్మ తెచ్చి చూపిస్తే నేను చూడకపోతిని. ఇప్పుడు వానికి చెప్పాల్సిందంతా నీకు చెప్పుకుంటా వస్తి. శానా పాపం చేసినా. పోమ్మా... మీ అన్న ఎంబడి పో. నేను ఆపను."

ఆ మాట చెప్పడానికి ముసలాయనకు ఎంత కష్టమైందో! గంగాదేవి గుండె నీరైపోయింది. అయినా నిజానికి నిజమే బదులు చెప్పాలి గదా...

"నేను గూడా నీకోసం ఊరుకోలేదు మామా" అంది. "బొట్టు తుడుచుకొంటే నన్ను గుంతలోంచి లేపుతారు. మొగుని పేరు మీద పెండ్లాము కూర్చుంటే ఎవరూ ఏమనరు. ముండమోసినాక రాట్నం దగ్గర కండెలు చుట్టుకోమంటారు, లేకుంటే పుట్టింటికి పంపుతారు. ఈ పని ఆయన నేర్పినాడు నాకు. మీరందరూ పడుకున్నప్పుడు, తలుపు దగ్గరేసి, నా చెయ్యి పట్టుకొని నేర్పినాడు. ఆయన కూర్చున్న తావులో కూర్చుంటే నాకు ఆయన ఉన్నట్టే ఉంటాది. అది పోగొట్టుకోలేక నోరు మూసుకొంటి. ఎంత అలిసిపోయినానో ఎవరికి చెప్పాల? సచ్చినోని మీద ప్రేమ దాచుకోవచ్చుగాని, ఏడుపు దాచుకోవడం శానా కష్టం మామా!"

గురప్ప తలెత్తాడు. ఏడాదిగా ఆ కోడలి ముఖం చూస్తూనే ఉన్నాడు గాని, ఇప్పుడే చూసినట్టు చూశాడు.

"గుంతలోంచి నిన్ను ఎవరు లేపుతారు? ఈ గుంత తవ్వింది మా నాయన. నువ్వు కూర్చో. కండెలు నేను చుడతా."

"మామా!" బసవన్న ఉలిక్కిపడ్డాడు. "మగోడివి, రాట్నం ముందర కూర్చుంటావా? వీధిలో నలుగురూ ఏమంటారు?"

"విమానాల పిచ్చోడంటాండారు. ఇంకో మాట కలుపుకోమను." అని బసవన్న వైపు తిరిగాడు. "నీ చెల్లెలు మళ్లీ ఇల్లు కట్టుకుంటానంటే నేనే చీర నేసి పంపిస్తానప్పా. ఉంటానంటే ఉంటాది. ఇంక అడగాల్సింది ఆ పిల్లను. నువ్వూ నేనూ గాదు."

బసవన్న చెల్లెలి వైపు చూశాడు. గంగాదేవి తల అడ్డంగా ఊపింది. ఆ చూపులో ఏం కనిపించిందో, అతను బయటికి పోయి ఎద్దుల మెడల మీంచి కాడి దించాడు.

ఈ గొడవకు ఇరుగుపొరుగు మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పొద్దున కుండ బదులిచ్చిన గిడ్డమ్మ, చేతికి గంజి అంటుకుని ఉండగానే పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనక ఇంకా నలుగురు ఆడవాళ్లు.

"ఏమాయ గురప్పన్నా? ఏందా కేకలు?"

గురప్ప గడప దాటి అరుగు మీదికి వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. తంతి వచ్చిన రోజు నుంచి విమానం గురించి అడిగితే గడగడా చెప్పే మనిషి, ఇప్పుడు గొంతు సవరించుకుని మళ్లీ నోరు తెరిచాడు. గంగాదేవి వచ్చి పక్కన నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు..." అన్నాడు. "నా కొడుకు సోమన్న సచ్చిపోయినాడమ్మా. పోయినేడే సచ్చిపోయినాడు."

ఆ మాట మామ నోట విన్నాక గంగాదేవి నిలబడలేకపోయింది. మామ చెయ్యి వదలకుండానే అరుగు మీదికి ఒరిగిపోయి, వీధి వీధంతా వినేటట్టు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. గిడ్డమ్మ గబగబా వచ్చి ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది.