పాత హాస్టల్ పైమేడ

తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీ వెనక పాత హాస్టలుంది. పొద్దు గూకిందంటే అటు పక్కకి ఎవరూ పోరు.

పైకప్పు పెచ్చులూడుతోందని నాలుగేళ్ల కిందట దానికి తాళం వేశారు. తాళం వేసినా... రాత్రిళ్లు పైమేడలో ఎవరో నడుస్తారంట. కిటికీలో మినుకుమని వెలుగు కనబడి ఆరిపోతుందంట. ఎవరో పిల్ల తిండి లేక అక్కడే ప్రాణం వదిలిందని ఆయమ్మలు చెప్పుకుంటారు. వాచ్‌మన్ ప్రేమానందం అయితే నీళ్ల ట్యాంకు దాకా వచ్చి, అక్కడినుంచే టార్చి తిప్పి వెనక్కి పోతాడు.

అలాంటి చోటికి ఒక రాత్రి భానుశ్రీ ఒంటరిగా పోయింది.

భానుశ్రీది నగరి. వాళ్ల నాయన పవర్‌లూమ్ మగ్గాల దగ్గర పని చేస్తాడు. కొత్త హాస్టల్లో సీట్లు సగం మందికే. లిస్టులో ఆమె పేరు రాలేదు. కొన్నాళ్లు రోజూ బస్సులో తిరిగింది. ల్యాబు ముగించుకుని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది, మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. ఇట్లయితే చదువు మానెయ్యమని నాయన అంటాడని భయపడి, సీటు వచ్చేసిందని ఇంట్లో చెప్పింది. కాలేజీలో మాత్రం పిన్నమ్మ ఇంట్లో ఉంటానని చెప్పింది.

పది రాత్రులు రైల్వే స్టేషన్లో పడుకుంది... గుండ్లు చేయించుకున్న భక్తుల మధ్య, తనూ కొండకి వచ్చినదానిలాగా. పదకొండో రాత్రి ఒక పోలీసమ్మ వచ్చి, మీవాళ్లు యాడ, ఏ ఊరు అని అడిగింది. భానుశ్రీ బ్యాగు తీసుకుని లేచి వచ్చేసింది.

ఇంక మిగిలింది పాత హాస్టలే.

మెస్సు వెనక కిటికీకి రెండు ఊచలు లేవు. అందులోంచి లోపలికి దూరింది. ఆరిపోయిన పొయ్యిలు, ఎలుకల వాసన. పక్కనే సరుకుల గది. దానికి కిటికీ కూడా లేదు. బయటికి కనబడనని అదే మేలనుకుంది. చున్నీ పరుచుకుని పడుకుంది. పొద్దున తిన్న బన్ను ఎప్పుడో అరిగిపోయింది.

అప్పుడు వినబడింది... తలపైన.

ఒక అడుగు. ఇంకొకటి. సరిగ్గా ఆమె పడుకున్న చోటికి పైన ఆగింది.

ఊపిరి బిగబట్టింది భానుశ్రీ. అంతలో మెస్సు వాకిట్లో టార్చి వెలుగు. ప్రేమానందం! కిటికీ ఊచలు దొంగలు పట్టుకుపోతున్నారని ఎవరో ఆఫీసులో చెబితే, ఆ పూట తప్పనిసరై లోపలికి వచ్చాడు. పెదాలు గోవిందనామాలు పలుకుతున్నాయి. సరుకుల గది తలుపు ఓరగా ఉండటం చూశాడు. లోపలికి తొంగి చూడలేదు. దడాలున లాగి, బయట గడియ పెట్టేసి, పరుగు లాంటి నడకతో వెళ్లిపోయాడు.

అరిస్తే తలుపు తీసేవాడే. కానీ అరిస్తే... తెల్లారేసరికి ప్రిన్సిపాల్ గది, నాయనకి ఫోను, చదువుకి అదే ఆఖరు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

చుట్టూ చీకటి. గోడకి వీపు ఆనించి కూర్చుంటే ఎదురు గోడ కాళ్లకి తగులుతోంది. తలుపు తోసి చూసింది. కదల్లేదు. ఫోనులో ఛార్జింగుంది. అయితే ఎవరికి చెయ్యాలి? అందులో ఉన్న ప్రతి నంబరుకీ తను ఏదో ఒక అబద్ధం చెప్పే ఉంది.

ఎంతసేపైందో తెలీదు. వరండాలో ఏదో మెత్తగా కదిలింది. ఉత్త కాళ్ల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... తలుపు ముందర ఆగింది.

ఊపిరి పీల్చే శబ్దం తలుపుకి అటువైపున.

"లోపల ఎవురు?"

భానుశ్రీ కాళ్లు దగ్గరికి ముడుచుకుంది. తర్వాత అదే గొంతు, ఇంకా చిన్నగా...

"తిన్నావా?"

ఆ మాట ఎవరడిగినా తిన్నానని చెప్పడం ఆమెకి అలవాటైపోయింది. ఆ రాత్రి మాత్రం నోరు అబద్ధమాడలేకపోయింది.

"లేదు."

గడియ కిర్రుమంది. ఫోను వెలుగులో ఒక ముఖం... గీతాంజలి! ల్యాబులో ఒకే బల్ల దగ్గర నిలబడే గీతాంజలి. తిరుచానూరులో మామయ్య ఇంట్లో ఉంటానని అందరికీ చెప్పే గీతాంజలి.

ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. గీతాంజలి గిన్నెలో గుడి దగ్గర పెట్టిన చిత్రాన్నం ఉంది. చెరి సగం తిన్నారు. కడుపులో పడ్డాక భానుశ్రీకి ధైర్యం వచ్చింది.

"రాత్రిళ్లు పైన తిరిగేది నువ్వేనా మే?"

గీతాంజలి గిన్నె కింద పెట్టింది.

"నేను ఈడ కింద వరండా చివర గదిలోనే ఉంటాండా. పైకి ఒక్క దినం కూడా పోలేదు."

ఆ మాట ముగిసిందో లేదో... తలపైన అడుగులు. ఈసారి ఒకరివి కావు.

తెల్లవార్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే కూర్చున్నారు. పొద్దునే కెమిస్ట్రీ చెప్పే వనజాక్షి మేడం దగ్గరికి పోయి, ఏదీ దాచకుండా చెప్పేశారు. ఆమె కోప్పడలేదు. ఆఫీసులో తాళంచెవి తీసుకుని, ప్రేమానందాన్ని వెంటబెట్టుకుని నేరుగా పైమేడకి ఎక్కింది.

మెట్ల చివర తలుపుంది. దానికి తాళం లేదు, అయినా తోస్తే తెరుచుకోలేదు. లోపలినుంచి గడియ!

ప్రేమానందం రెండు మెట్లు వెనక్కి దిగాడు. మేడం తలుపు మీద మెల్లగా తట్టింది. "తియ్యండమ్మా. ఎవరూ ఏమీ అనరు."

చాలాసేపటికి గడియ కదిలింది.

గోడ వెంబడి ఆరుగురు ఆడపిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. గెంటేస్తే పోవడానికి సిద్ధంగా, బ్యాగులు భుజాన వేసుకుని. ముందున్నది కార్వేటినగరం నుంచి వచ్చిన రూపశ్రీ. అందరికీ వెనకనున్న పిల్ల చేతులు జోడించింది.

"పరీక్షలయ్యేదాకా, మేడం..."

వనజాక్షి మేడం అక్కడే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని ప్రిన్సిపాల్‌కి ఫోను చేసింది.

"సార్, పాత హాస్టల్లో మన పిల్లలు ఎనిమిది మంది ఉండారు. మాటలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు టిఫిన్లు పంపించండి."