మైసమ్మ లేని అచ్చు

ఆలూరులో వడ్రంగి పని నేర్చిన బాలరాజ్, మొయినాబాద్‌లో బొమ్మలు గీసే ప్రవీణ మేడం దగ్గర చెక్క అచ్చులు చెక్కుతాడు. వెనకట జపాను వాళ్లు తమ పట్నం బతుకును, వంతెన మీది జనాన్ని, వానలో గొడుగులను ఇట్లాగే చెక్కి కాగితం మీద అచ్చు వేసేవారట. మేడం అదే పద్ధతిలో మొయినాబాద్ చౌరస్తాను గీస్తే, బాలరాజ్ చెక్కాడు. షేర్ ఆటోలు, చాయ్ బండి, సెల్‌ఫోన్ల దుకాణం. వాటి ముందు బంతిపూల గంపతో బాలరాజ్ తల్లి మైసమ్మ.

ముసలామె పోయిన ఏడు కన్నుమూసింది. పూలమ్మి సాకిన ఆ తల్లిని బొమ్మలో చూస్తే కొడుక్కు ఇప్పుడు సిగ్గేసింది. రేపు ఈ అచ్చుల ప్రదర్శనకు బిడ్డ వర్షిత కాలేజీ దోస్తులు వస్తారు. వాళ్ల ముందు బిడ్డ తల దించుకోవద్దనుకున్నాడు. తల్లి బొమ్మను ఉలితో పెచ్చులు పెచ్చులుగా లేపేశాడు. ఉలి తీసినదాన్ని ఉలి మళ్లీ పెట్టలేదు.

సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. కాలేజీ నుంచి వచ్చి తలుపు గడియ వేసిన వర్షిత, భుజాన బ్యాగుతోనే దీపం వెలుగులో చెక్క మీదికి వంగింది.

"బాపు, నాయినమ్మ ఏది?"

"చెక్క చీలింది బిడ్డా."

"సరిగ్గ నాయినమ్మ ఉన్నకాడనే చీలిందా? మస్తు తెలివిగల్ల చెక్కనే!"

అతను సిరా డబ్బా మూత తీశాడు.

"పూలమ్మితే ఇజ్జత్ పోతదా? ఆ గంప మోసే కద నిన్ను సాకింది!"

వర్షిత అతని వెనక స్టూలు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

బాలరాజ్ సిరా పూసి, కాగితం పరిచి, రుద్ది, లేపాడు. తల్లి ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది. ఎక్కడిదో తడిసిన బంతిపూల వాసన...

రెండో కాగితం. చాయ్ బండి వెనక చిన్న ఆకారం. వీపు. నెత్తిన గంప.

చెక్కను వేలితో తడిమాడు. అక్కడ గీతే లేదు.

మూడోది. ఆమె ఇంకా దూరం పోయింది.

"అవ్వా... ఆగు," గొణిగాడు. "తప్పయింది... పోకే."

నాలుగోది. ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. కానీ కొడుకును చూడటం లేదు. అతని భుజం మీదుగా చూస్తూ చెయ్యి చాచింది.

వెనక ఏడుపు ఆగిపోయింది.

తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. ఐదో కాగితం లేపాడు. ఇద్దరు. ముసలామె చెయ్యి పట్టుకుని ఒక ఆడపిల్ల. భుజాన కాలేజీ బ్యాగు. ఒట్టి కాళ్లు.

"వర్షితా..."

స్టూలు ఖాళీ. తలుపుకు లోపలి గడియ వేసినట్టే ఉంది. గడప పక్కన ఆమె చెప్పులు.

కాగితంలో ఆ ఇద్దరికీ అంచు ఇంకొక్క అడుగు దూరంలోనే ఉంది.