హఫ్సా చేతిలో స్విచ్

"పదిహేను రోజుల్ల విమానం నడుపుడు నేర్చుకోవాలె," అన్నాడు చీఫ్ బాబురావు.

అఫ్జల్‌గంజ్‌లో మిర్చి గోదాం పైనే సీక్రెట్ ఆఫీసు. ఏజెంట్ కృపాకర్ తుమ్ము ఆపుకున్నాడు. "ఎంత పెద్దది సార్?"

"నాలుగడుగులు. రిమోట్ మోడల్. విదేశీ ముఠా దాంట్ల మెమరీ కార్డు పెట్టి రైలు పట్టాలు దాటిస్తది. కార్డుల మన నలభై మంది ఏజెంట్ల పేర్లున్నయి, నీది గూడ. వాళ్ల పైలట్ హఫ్సా మన మనిషే, ఎందరికో విమానం నేర్పింది, నీకు గూడ నేర్పుతది. కానీ ముఠావాళ్లు పట్టాల అవతల నుంచి బైనాక్యులర్స్‌తోని ఆమె చేతులే చూస్తుంటరు. అందుకే చాటు నుంచి విమానం తిప్పేది నువ్వే. కోడ్ వర్డ్, గాలి ఎటుంది."

వాచీలు బాగుచేసేవాడి వేషంలో కృపాకర్ మూసీ ఒడ్డున ఖాళీ జాగాకు వెళ్లాడు. నల్ల కళ్లద్దాల హఫ్సా ఎదురైంది.

"గాలి ఎటుంది మేడం?"

"ఎదురుగ. లేపేది గూడ అటే సార్."

ఇద్దరి చేతుల్లో రెండు ట్రాన్స్‌మిటర్లు, మధ్యలో కేబుల్. ఆమె స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే విమానం అతని మాట వినేది. దూరంగా పోయేటప్పుడు ఫరవాలేదు. తన వైపు తిరిగిందంటే కుడి ఎడమలు తారుమారై చేతులాడేవి కావు.

"ఏ రెక్క వంగితే స్టిక్ అటే నూకున్రి. ఫికర్ చేయకున్రి, నేనున్న," అనేది హఫ్సా. అన్నట్టే ఒక్కసారి కూడా విమానాన్ని కూలనివ్వలేదు. సాయంత్రాలు చాయ్ తాగుతూ కబుర్లు చెప్పేది. పెళ్లి మాట ఎత్తుదామా అని కూడా అనుకున్నాడు, పిచ్చివాడు.

పదహారో రోజు పొద్దున దబీర్‌పురాలో ఒక మేడ మీద నుంచి హఫ్సా ముఠా విమానం లేపింది. కృపాకర్ ఆమె పక్కనే పిట్టగోడ చాటున, కేబుల్ తగిలించిన ట్రాన్స్‌మిటర్‌తో కూర్చున్నాడు. పట్టాలు దగ్గరపడుతున్నాయి.

"స్విచ్ ఇయ్యున్రి మేడం."

"ఇయ్యను." ఆమె ఆకాశం మీద నుంచి చూపు తిప్పలేదు. "నువ్వున్నవనే మీ సారు వేరే టీం పెట్టలే. నీతోని నాకు గంతే పని."

మీరు కాస్తా నువ్వు అయింది. నలభై మంది ప్రాణాల కంటే ముందు కృపాకర్‌కు ఆ సాయంత్రాలే గుర్తొచ్చాయి. సిగ్గేసింది, కోపమొచ్చింది.

ట్రాన్స్‌మిటర్ లాక్కుంటే విమానం ముఠావాళ్ల కాళ్ల దగ్గరే కూలుతుంది. అది సరిగ్గా సూర్యుడికి అడ్డంగా వెళ్తోంది. అతను లేచి ఆమె కళ్లద్దాలు లాగేశాడు.

ఎండ సూటిగా కళ్లలో పడింది. హఫ్సాకు విమానం కనిపించలేదు.

"ఎడమ రెక్క పడిపోతున్నది మేడం, కూలుతది," అన్నాడు తన టోపీ అంచు కింద నుంచి చూస్తూ. అబద్ధం. విమానం నిక్షేపంగా ఉంది.

ఎందరో శిష్యుల విమానాలను కాపాడిన చెయ్యి ఆలోచించలేదు. కళ్లున్నవాడికి విమానం అప్పగిస్తూ స్విచ్ నొక్కి పట్టుకుంది.

కృపాకర్ విమానాన్ని వెనక్కి తిప్పాడు. అది ముక్కు ముందుకు పెట్టి నేరుగా అతని మీదికే వస్తోంది. కుడి రెక్క వంగింది. అటే స్టిక్ నెట్టాడు. హఫ్సా కళ్లు తుడుచుకుని చూసేసరికి విమానం పిట్టగోడను జానెడు ఎత్తులో దాటి, మేడ మీద గరగరా జారి, వాటర్ ట్యాంకు ముందు ఆగింది.

అతను ఆమె చేతులకు బేడీలు వేసి, కార్డు జేబులో పెట్టుకుని, చీఫ్‌కు ఫోన్ చేశాడు. హఫ్సా చాలాసేపు విమానం వైపే చూసింది.

"మంచిగ దించినవ్," అంది.

విమానం పాఠాలు తీసేస్తే, పదిహేను రోజులుగా ఆమె చెప్పినవాటిలో నమ్మదగ్గ మాట అదొక్కటే. కృపాకర్ దాన్ని రిపోర్టులో రాయలేదు.