అడగకుండా మిగిలిన లెక్క

నందిగామలో మా కాలేజీకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులవి. వాటికి టీచర్ని నేనే కాబట్టి నా కాళ్లు నేలమీద ఆనేవి కావు. వార్షికోత్సవానికి వేదాద్రి నుంచి దత్తాత్రేయ శర్మగారిని పిలిపించి అవధానం పెట్టారు. ఆయన పద్యాలు చెబుతుంటే మధ్యమధ్య ఒకరు గంట కొడతారు. చివర్లో ఆ గంట కొట్టినవాళ్లు అడిగితే ఎన్నిసార్లు మోగిందో ఆయన చెప్పాలి. ఆ గంట నేనే తీసుకున్నాను. కొట్టినప్పుడల్లా కంప్యూటర్లో బటన్ నొక్కుతానన్నాను. మనిషి బుర్ర గొప్పదో, యంత్రం గొప్పదో తేల్చాలని నా పంతం.

సగంలో కరెంటు పోయింది. కంప్యూటర్ లెక్క గాల్లో కలిసింది. హాలంతా గొల్లుమంది.

"కరెంటు పోతే మీ యంత్రానికి పీడా పోయిందమ్మా," అని నవ్వారు శర్మగారు. "నాకట్లా కాదు. మీరు అడిగేదాకా మొయ్యాల్సిందే."

చివరికి నేను అడగబోతుండగానే ఆయన ముందుకు ఒరిగిపోయారు. మళ్లీ లేవలేదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. దుమ్ము పడకూడదని కిటికీలు బిగించి నల్ల తెరలు వేసిన గది. చెప్పులు బయటే విడవాలి. అటెండర్ బుల్లిబాబు గుమ్మంలో చెప్పులు చూసే లోపల మనుషులున్నారో లేదో తెలుసుకుంటాడు. నావి కొత్త చెప్పులని, కుక్క ఎత్తుకుపోతుందని సంచిలో వేసుకుని లోపలికి తెచ్చుకున్నాను. అతి తెలివి! అతను తాళం వేసుకుని భోజనానికి పోయాడు.

తలుపు బాదాను. ఎవరూ పలకలేదు. అంతలో కరెంటు పోయింది. ఏసీ ఆగింది. యూపీఎస్ కాసేపు కూసి ఊరుకుంది. కటిక చీకటి. ఉక్క. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన... అందులోంచి మెల్లగా పచ్చకర్పూరం వాసన. అవధానం నాడు శర్మగారు నమిలిన తాంబూలం వాసన.

టంగ్.

ఆ గంట బీరువాలో ఉంది. బీరువాకి తాళం ఉంది.

టంగ్... టంగ్...

నా పైప్రాణాలు పైనే పోయాయి. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"అమ్మా..." చెవి పక్కనే. "బరువుగా ఉంది... అడగమ్మా..."

కరెంటు పోతే కంప్యూటర్ మరిచిపోయింది. ప్రాణం పోయినా ఆయన మరిచిపోలేదు. గంట దగ్గరవుతోంది. ఊపిరాడటం లేదు. అడిగితేగాని ఈ గది నన్ను వదలదు...

"ఎ... ఎన్నండి?"

ఆయన చెప్పారు. తలమీది గంప దించుకున్నట్టు పెద్ద నిట్టూర్పు. ఆ తర్వాత ఏమీ లేదు. బయట తాళం తీస్తున్న చప్పుడు.

"అయ్యో, లోపలున్నారా మేడమ్! చెప్పుల్లేవు కదండీ..." అన్నాడు బుల్లిబాబు.

బతికానురా దేవుడా అనుకుంటూ వెలుగులోకి అడుగుపెట్టాను.

టంగ్.

ఈసారి నా తలలో. ఆయన చెప్పిన అంకెకి నా మనసు ఇంకొకటి కలిపింది.

అప్పటినుంచి ఆగలేదు. అన్నం తింటున్నా, పాఠం చెబుతున్నా మోగుతూనే ఉంది, నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఎవరైనా అడిగితే దిగిపోతుందని తెలుసు. అడిగినవాళ్లకి ఎక్కుతుందనీ తెలుసు. అందుకే ఇన్నేళ్లూ మా ఆయన కిషోర్‌కి కూడా చెప్పలేదు.

నిన్న జగ్గయ్యపేటలో మా ఇంట్లో అమూల్యకి జడ వేస్తున్నాను. రెండో క్లాసు చదువుతున్న నా కూతురు. అద్దంలో నా పెదవులకేసి చూసి నవ్వింది.

"ఏం లెక్కపెడుతున్నావమ్మా? ఎన్నయ్యాయి?"

నోరు గట్టిగా మూసుకున్నాను. చెప్పలేదు. ఒట్టు... నేనేమీ చెప్పలేదు.

అయినా తలలో గంట ఆగిపోయింది. ఇన్నేళ్లకి వచ్చిన ఆ నిశ్శబ్దానికి నాకు ఏడుపొచ్చింది.

అద్దంలో అమూల్య నవ్వడం మానేసింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి...