అరికాలి మచ్చ

ఈల గట్టిగా మోగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి దూరంగా పోతున్న ఓడను చూస్తున్న యువకుడు అది తన కోసమేనని అనుకోలేదు. రెండోసారీ మోగింది. మూడోసారి ఈలతో పాటు మనిషే టవర్ మెట్లు దిగి వచ్చేసింది.

"ఏవండీ! మిమ్మల్నే! ఎర్రజెండా కనబడలేదా?"

అతను వెనక్కి తిరిగాడు. లైఫ్‌గార్డ్ అమ్మాయి ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. అతని నుదురు, ముక్కు, చెవులు, మెడ అన్నీ తెల్లగా ఉన్నాయి. గోడకు మొదటి పూత వేసి, మేస్త్రీ అన్నానికి వెళ్లిపోయినట్టుంది వాలకం.

"అమ్మ బాబోయ్! ఏంటండీ అది? కాలిందా?"

"కాలకుండా రాసుకున్నాను. సన్‌స్క్రీన్."

"మీ ఒక్కరికేనా, ఊరందరికీ కలిపి రాసుకున్నారా?"

"చాలామంది రాయాల్సిన దాంట్లో సగం కూడా రాయరు. సరిగ్గా రాస్తే కొంచెం ఇలాగే ఉంటుంది," అన్నాడతను ఎంతో దర్జాగా.

ఆ దర్జా చూసి అలకి ఒళ్లు మండిందేమో, వెనకనుంచి వచ్చి అతన్ని బోర్లా పడేసింది. ఆమె అతని కాలర్ పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చింది. అతను ఇసుకలో కూర్చుని దగ్గుతూ, "నేను స్కిన్ డాక్టర్ని. బీచ్ స్టాఫ్ చర్మం చూడమని హాస్పిటల్ వాళ్లు పంపించారు," అన్నాడు.

"ముందు మీరు బతికి ఉంటే మా చర్మం సంగతి తర్వాత చూద్దురుగాని."

పొద్దుపోయేసరికి బీచ్ అంతటా అతనికి ఒకటే పేరు: సున్నం డాక్టర్.

సున్నం డాక్టర్ ప్రతి శనివారం వచ్చేవాడు. టవర్ కింద ఉన్న ఫస్ట్ ఎయిడ్ గదిలో కూర్చుని పడవల వాళ్లనీ, ఐస్ అమ్మేవాళ్లనీ, గొడుగులు అద్దెకిచ్చేవాళ్లనీ ఒక్కొక్కరినే పిలిచి చూసేవాడు. చెవులు మర్చిపోకండి, పెదాలు మర్చిపోకండి, నీళ్లలోంచి వచ్చాక మళ్లీ రాసుకోండి, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడన ఉండండి అని విసుగు లేకుండా చెప్పేవాడు. అందరూ వెళ్లేవారు, ఆమె తప్ప.

"నేను పుట్టుకతోనే నలుపు డాక్టర్ గారూ. ఎండ నన్నేం చేస్తుంది?" అని కిటికీలోంచి తల దూర్చి అడిగింది ఒకరోజు.

"నలుపు మంచి గొడుగే. కానీ చిరుగులు లేని గొడుగు ఎక్కడుందండీ?"

"మాటలు బాగానే నేర్చారు. ఈతే ఎవరూ నేర్పలేదు."

ఆ కిటికీలోంచే అతను ఆమెను చూసేవాడు. ఒకరోజు గొడుగు కింద ఓ ముసలావిడ నిద్రపోతుంటే, ఎండ జరిగినప్పుడల్లా ఆమె వచ్చి గొడుగును కాస్త కాస్త జరిపి వెళ్లేది. ఆవిడ నిద్ర లేచి ఇంటికి వెళ్లిపోయింది. తనని పొద్దుటినుంచీ ఎవరో నీడలో ఉంచారని ఆవిడకి తెలియనే తెలియదు. అతనికి తెలిసింది. ఆ పూట కిటికీవైపు చూస్తూ చూస్తూ ఓ పేషెంటుకి కుడిచేతికి బదులు ఎడమచేతికి మందు రాశాడు.

ఆ తర్వాతి శనివారం ఆమె ముక్కుమీద తెల్లటి పూతతో టవర్ ఎక్కింది. అతను చూసి నోరు తెరిచాడు.

"నవ్వారంటే ఈసారి అలకి వదిలేస్తా," అంది ఆమె.

"నవ్వట్లేదు. చెవులకి కూడా రాయాలి అంటున్నాను."

"అబ్బ! మా నాన్నే నయం. ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడు."

వాళ్ల నాన్న పక్కనే పడవలు బాగుచేసేవాడు. భార్య పోయాక కూతుర్ని ఒక్క చేత్తో పెంచాడు. ఆ ఒక్క చెయ్యీ ఎప్పుడూ తారుతో నల్లగా ఉండేది. పలకల మధ్య సందుల్లో తారు పూసి, సాయంత్రం కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చేవాడు.

ఆ బీచ్‌లో తారు లేని కాలు లేదు. ఓడలు వదిలిన తారు ముద్దలై, అలల్లో కొట్టుకొచ్చి ఇసుకలో కలిసిపోయేది. అందుకని పని అయ్యాక స్టాఫ్ అంతా ఫస్ట్ ఎయిడ్ గది బయట బల్లమీద కూర్చుని నూనెగుడ్డతో అరికాళ్లు తుడుచుకునేవారు. ఆ పూట అందరూ తుడుచుకుని వెళ్లిపోయారు. ఆమె మాత్రం మడమ పక్కన ఒకే చోట రుద్దుతూ ఉంది.

"ఇంకా పోలేదా తల్లీ?" అన్నాడు తండ్రి.

"పాత తారు నాన్నా, మొండిది. పోయిన వానాకాలం నుంచీ కాపురం పెట్టింది."

"ఇటియ్యి." గుడ్డ తీసుకుని తండ్రి బొటనవేలితో గట్టిగా రుద్దాడు. "నేను పూసిన తారు పడవకి ఇంత గట్టిగా పట్టుకుంటే ఎంత బాగుండు!"

గదికి తాళం వేస్తూ ఆ మాట విని డాక్టర్ నవ్వాడు. నవ్వుతూనే ఆమె కాలివైపు చూశాడు. నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

"ఒక్క నిమిషం," అని ఆమె ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు.

"అయ్యయ్యో, మోకాళ్ల మీదా? జనం చూస్తే ఏమనుకుంటారండీ!"

అతను జేబులోంచి చిన్న లెన్స్ తీశాడు. మచ్చ ఒకవైపు నల్లగా, ఇంకోవైపు గోధుమరంగులో ఉంది. అంచులు తిన్నగా లేవు. తండ్రి చేతిలోని గుడ్డ తీసి చూశాడు. గుడ్డకి ఏమీ అంటలేదు.

"ఇది తారు కాదు."

తండ్రి తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"నేనే... రోజూ రుద్దాను బాబూ."

"రుద్దినందువల్ల రాలేదండీ."

"మరి ఎండ వల్లా?"

"ఎండ వల్లా కాదు. ఇది ఎండ తగలని చోట కూడా వస్తుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎల్లుండి పొద్దున్నే హాస్పిటల్‌కి తీసుకురండి."

"ఏంటది?" అంది ఆమె.

"తీసి పరీక్ష చేస్తే గాని చెప్పలేను."

"మీ మొహం చెప్పేస్తోంది డాక్టర్ గారూ. పూత లేకుండా ఇంత తెల్లగా ఎప్పుడూ లేదు."

అతను లేచి గబగబా వెళ్లిపోయాడు. తాళం గుమ్మానికే వేలాడుతోంది.

సోమవారం తండ్రీ కూతుళ్లు హాస్పిటల్‌కి వెళ్లేసరికి నర్సు వాళ్లని అతని గదికి కాక పక్క గదికి పంపింది. "మీ కేసు ఆయన వద్దన్నారమ్మా. పెద్ద మేడమ్‌కి ఇచ్చేశారు."

ఆమెకి కాళ్ల కింద ఇసుక జారినట్టయింది. పెద్ద మేడమ్ మచ్చ మొత్తం తీసి, కుట్లు వేసి, పరీక్షకి పంపింది. ఫలితం వచ్చేదాకా నేలమీద కాలు పెట్టొద్దంది. ఆ రోజుల్లో సున్నం డాక్టర్ జాడ లేదు. ఒక ఫోనూ లేదు.

"చూశావా నాన్నా, చేతులు దులుపుకున్నాడు. బతకదని తేలిపోతే డాక్టర్లు ఇంక దగ్గరికి రారట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే అనిపిస్తోంది."

తండ్రి తారు అంటిన బొటనవేలిని అరచేతిలో దాచుకుని కూర్చున్నాడు.

ఫలితం వచ్చిన రోజు పెద్ద మేడమ్ కాగితం చదివి కళ్లద్దాలు తీసింది.

"చెడ్డదే, కేన్సరే. కానీ పైపొర దాటి లోపలికి దిగలేదు. చుట్టూ ఇంకాస్త చర్మం తీసేస్తాం. తర్వాత అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండాలి, అంతే. ఇంకో ఏడాది అలాగే రుద్దుకుంటూ కూర్చుని ఉంటే మాత్రం ఈ మాట అనగలిగేదాన్ని కాదు."

తండ్రి లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ అయ్యాక కోపం వచ్చింది.

"మరి ఆ డాక్టర్ నన్నెందుకు వదిలేశారు మేడమ్?"

"నన్నడుగుతావేంటి? పొద్దుటినుంచీ కారిడార్‌లో గోడకి కాపలా కాస్తున్నాడు. వాణ్ణే అడుగు."

ఆమె ఒంటికాలిమీద గెంతుకుంటూ బయటికి వచ్చింది. అతను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్లు లోపలికి పోయాయి.

"ఏమన్నారు?" అన్నాడు.

"బతుకుతానన్నారు."

అతను మెల్లగా గోడవెంట జారి నేలమీద కూర్చుండిపోయాడు. ఆమె అదిరిపోయింది.

"లేవండి! తిట్టాలని వచ్చాను నేను. మునిగేవాళ్లని చూసి పక్క టవర్ వాళ్లకి అప్పజెప్పి ఇంటికి పోయానా ఎప్పుడైనా? నేను చచ్చిపోతాననుకున్నానండీ!"

"నా చెయ్యి వణికింది. వణికే చేత్తో కత్తి పట్టుకోకూడదు."

"ఫోన్ చెయ్యడానికి కత్తి ఎందుకు?"

"ఫోన్ చేస్తే అడిగేసేవాణ్ణి. భయంలో ఉన్న మనిషిని అడిగే మాట కాదది. డాక్టర్ తన పేషెంటుని అడగకూడని మాట కూడా."

మందుల బండి తోసుకొస్తున్న నర్సు ఠక్కున ఆగిపోయింది.

"ఏ మాట?" అంది ఆమె.

"మీరిప్పుడు నా పేషెంటు కాదుగా?"

"కాదు."

"భయం కూడా పోయిందిగా?"

"అబ్బా, పోయింది! ఏం మాటండీ?"

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె ఒంటికాలిమీద ఊగింది. నర్సు బండి వదిలేసి వచ్చి పట్టుకుంది.

"ప్రేమిస్తున్నానని అంటారనుకున్నాను. మెట్లెక్కకుండా ఒకేసారి మేడమీదకేనా!"

"అది మీరు గొడుగు జరిపిన రోజే అయిపోయింది."

"ఏ గొడుగు?" ఆమెకి గుర్తే లేదు. కాసేపు అతని వైపు చూసి గొంతు తగ్గించింది. "కాలిమీద మచ్చ ఉండిపోతుందట."

"రోజూ నేనే చూస్తాను."

ఆమె తల దించుకుంది. పడిపోకుండా ఉండటానికన్నట్టు అతని భుజంమీద చెయ్యి వేసింది. నర్సు పట్టుకునే ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడు చూశారు, తలుపు దగ్గర తండ్రిని. అతని చేతిలో కూతురి చెప్పు ఒకటి ఉంది. కట్టు కట్టిన కాలిది. అంతా విన్నట్టే ఉంది మొహం. ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరికి వచ్చాడు. చెప్పు ఉన్న చెయ్యి పైకి లేచింది.

డాక్టర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నర్సు చేత్తో నోరు మూసుకుంది.

చెప్పు మెత్తగా అతని అరచేతిలోకి వచ్చి చేరింది.

"అమ్మాయిది. ఆ కాలికి ఇప్పుడప్పుడే పట్టదు. నువ్వు పట్టుకురా బాబూ, నేను పోయి బండి పిలుస్తాను."

నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే ఆగాడు.

"తొందరేం లేదు. నెమ్మదిగా నడిపించుకుని రా."