ఇరవై పర్సెంట్ వెలుతురు

గవర్నర్‌పేటలో చేనేత చీరల కొట్టు నడిపే వీరభద్రయ్య గారికి ఒక్కడే కొడుకు, దుర్గాశంకర్. ఎంబీఏ చదివాడు. ఆ చదువుతో కొట్లో అతను తెచ్చిన మార్పు ఒక్కటే, ట్యూబ్‌లైట్లు పీకించి సీలింగంతా ఎల్ఈడీలు పెట్టించడం. ఆ వెలుగులో గోనెసంచి కూడా పట్టుచీరలా మెరుస్తుందని అతనికి భలే గర్వం.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం సింధూరి ఆ కొట్లోకొచ్చింది. నెమలికంఠం రంగు చీర భుజాన వేసుకుని తిన్నగా గుమ్మం వైపు నడిచింది.

"లోపల ఇన్ని లైట్లున్నాయి కదండీ, చాలవా?" అన్నాడు దుర్గాశంకర్, కాస్త నొచ్చుకుని.

"అన్ని లైట్లున్నాయనేగా బయట చూస్తున్నా," అంది.

బయట పగటి వెలుతుర్లో ఆ నెమలికంఠం కాస్తా మామూలు నీలమైపోయింది. చీర మడతపెట్టి అతని చేతిలో పెట్టి, నవ్వింది. అతనికి కోపం రావాలి. రాలేదు. ఆ నవ్వుతోనే మనవాడి ఎంబీఏ కృష్ణలో కలిసిపోయింది.

వేరే చీరకి బిల్లు వేస్తూ, ఆమె ఫోన్ మీద గులాబీ పువ్వుల్లాంటి బొమ్మ చూసి అవేంటని అడిగాడు. పువ్వులు కాదు, సాఫ్ట్ కోరల్స్ అట, సముద్రంలో రాళ్లకి అంటుకుని బతికే మెత్తటి పగడపు జీవులు. ఆమెది పామర్రు, గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, గుణదలలో అద్దిల్లు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని వాటిని పెంచుతోంది. ఇప్పుడు ఇల్లు మారుతోంది, కొత్త ఇంట్లో ట్యాంకు కుదురుకునేదాకా వాటినెక్కడ పెట్టాలో పాలుపోవట్లేదంది.

దుర్గాశంకర్ ఇంట్లోనూ ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో ఉన్నవి రెండు చేపలూ ఒక రాయీ.

"మా ఇంట్లో పెట్టండి. కోరల్స్ నాకు అలవాటే," అంది అతని నోరు, అతన్ని అడక్కుండానే.

కొట్టు పైనే ఇల్లు. సింధూరి కోరల్స్‌ని బకెట్లో జాగ్రత్తగా మోసుకొచ్చి, రాయి మీద కింద వరసలో అమర్చింది. వాటిలో ఒకటి చిన్న చిన్న చేతుల్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దానికి చప్పట్లు అని పేరు పెట్టుకుంది. బెజవాడ కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంటికెళ్తే పలకరించడానికి అదొక్కటే ఉండేదని చెప్పింది. అప్పుడు అది గోరంత ముక్కట.

"లైట్ ఇరవై పర్సెంట్ దగ్గర మొదలుపెట్టండి. బాగా విచ్చుకుంటే వారానికి కొంచెం కొంచెం పెంచండి. ఒకేసారి పెంచితే తట్టుకోలేవు."

"తెలుసండీ," అన్నాడు. ఏమీ తెలియనివాడికి ఆ మాట ఎంత సులువుగా వస్తుందో.

ఆదివారం చూడ్డానికొస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఇరవై పర్సెంట్లో ట్యాంకు కరెంటు పోయిన గోడౌన్‌లా కనిపించింది దుర్గాశంకర్‌కి. మంచి సరుకు మీద మంచి లైటు పడాలని పుట్టినప్పట్నించీ వింటున్నవాడు. ఆమె వచ్చేసరికి తళతళలాడాలని వంద పెట్టాడు. మర్నాటికి చప్పట్లు చేతులు ముడుచుకుంది. పాపం వెలుతురు చాలట్లేదనుకుని, రాయెత్తి ఇంకా పైకి, సరిగ్గా లైటు కిందకి జరిపాడు. ఎంబీఏ మరి.

శనివారం కొట్లో అద్దాల వెనక బొమ్మకి చీర మార్చడం ఆనవాయితీ. పాత చీర విప్పుతూ వీరభద్రయ్య గారు, "ఇంకో వారం ఈ వెలుతుర్లో ఉంచితే వెలిసిపోయేదిరా," అన్నారు. గుండుసూదులు పట్టుకుని నిలబడ్డ దుర్గాశంకర్‌కి పైన ట్యాంకు గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి పైకి పరిగెత్తాడు.

గులాబీ రంగంతా పోయి, కోరల్స్ ఉతికి ఉతికి వెలిసిన జాకెట్టు ముక్కల్లా ఉన్నాయి. ఎండకి చీర పాడవకుండా కాపాడ్డం వంశపారంపర్యంగా తెలిసిన ఇంట్లో పుట్టి, ప్రాణమున్నవాటిని తన చేత్తోనే వెలిసిపోయేలా చేశాడు. లైటు ఇరవైకి దించి, రాయి కిందకి జరిపాడు.

అప్పుడే ఇంకో బుద్ధి పుట్టింది. లైటుకి ఉత్త నీలం రంగు కూడా ఉంది. వేసి చూస్తే పాలిపోయినవి కూడా దేదీప్యమానంగా మెరిశాయి. రేపు ఇలా చూపించి, ఇంకో వారం గడువు సంపాదించొచ్చు. కాసేపు సంతోషించాడు కూడా. తర్వాత నెమలికంఠం చీర గుర్తొచ్చి, తన మీద తనకే రోత పుట్టి ఆర్పేశాడు.

ఆదివారం సింధూరి తడిసిన గొడుగుతో వచ్చింది. దుర్గాశంకర్ కిటికీలన్నీ బార్లా తీసి ఉంచాడు.

"వెలుతుర్లో చూడండి," అన్నాడు. "కోరల్స్ అలవాటని అబద్ధం చెప్పాను. లైటు వంద పెట్టాను. మీకు అందంగా కనపడాలని."

ఆమె ట్యాంకు దగ్గరికెళ్లి వంగింది. ముడుచుకుపోయిన చప్పట్లని చూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అతనికి అక్కడే ఆ ట్యాంకులో మునిగిపోవాలనిపించింది. కానీ అది అతనికి నడుము దాకా కూడా రాదు.

"ఈ లైటుకి నీలం రంగు కూడా ఉందిగా, అది వేసుంటే నాకు తెలిసేది కాదు. ఎందుకు వెయ్యలేదు?"

"మీరు గుమ్మం దాకా తీసుకెళ్లి చూస్తారుగా," అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంకెక్కడికీ కదపొద్దని, ఇరవై దాటొద్దని గట్టిగా చెప్పి, రోజూ తనే వచ్చి చూసుకుంటానంది. తిట్లు తింటూ సంతోషపడ్డ మగాడు గవర్నర్‌పేటలో ఆ రోజు ఇతనొక్కడే అయ్యుంటాడు.

రోజూ డ్యూటీ దిగి వచ్చేది, కోరల్స్ కోసమే. దుర్గాశంకర్ మాత్రం కాఫీ అన్నాడు, పెసరట్టన్నాడు, బండి మీద దింపుతానన్నాడు, గుడ్ మార్నింగులూ గుడ్ నైట్లూ పంపాడు. చివరికి ఆమే అంది, "దుర్గాశంకర్ గారూ, మీరు కూడా కొంచెం తగ్గించుకోండి."

"ఎంతకండీ?"

"ఇరవై."

మర్నాటి నుంచి స్టూలు మీద నోరు మూసుకుని కూర్చున్నాడు. జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదు. రెండు రోజులు పోయాక ఆమే మాట కలిపింది. వాళ్ల పొలం గురించి, పల్లెటూరి పిల్లకి ఈ ఉప్పునీళ్ల పెంపకాలేంటే అని నవ్వే నాన్న గురించి చెప్పింది. అలా చెబుతుండగానే ఒక సాయంత్రం, కిటికీ బయట వాన దంచి కొడుతుంటే, చప్పట్లు ఒక చెయ్యి తెరిచింది. సింధూరి ఊపిరి బిగబట్టి అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకి తెలీదు. అతనికి బాగా తెలుసు.

లైటు కొంచెం కొంచెంగా పెంచుతూ వచ్చారు. రంగూ అలాగే తిరిగొచ్చింది. ఈలోపు ఆమె కొత్తింట్లో ట్యాంకు కూడా సిద్ధమైంది. కోరల్స్ వెళ్లిపోయే రోజొచ్చిందని దుర్గాశంకర్ పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు. కానీ సింధూరి పైకి వెళ్లకుండా నేరుగా కొట్లోకొచ్చింది.

"ఒకసారి గుమ్మం దగ్గరికి రండి."

"ఏ చీరండీ?"

"చీర కాదు. మీరే."

పగటి వెలుతుర్లో అతన్ని నిలబెట్టి తల నుంచి కాళ్ల దాకా చూసింది. గీసుకోని గడ్డం, చొక్కా జేబుకి గుచ్చిన గుండుసూదులు, భయం, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. లోపల వీరభద్రయ్య గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఈ రంగు వెలిసేది కాదులెండి," అంది నెమ్మదిగా. "ఆదివారం మా నాన్నగారు వస్తున్నారు. కోరల్స్ అప్పటిదాకా ఇక్కడే ఉండనివ్వండి. వాటిని చూపించాలి. మిమ్మల్ని కూడా."

దుర్గాశంకర్ గబగబా తలూపాడు. వీరభద్రయ్య గారే లేచొచ్చి, తప్పకుండా రమ్మనమ్మా, ఇంటినిండా ఎల్ఈడీలు వేయిస్తాననేశారు.

"వద్దు నాన్నా," అన్నాడు దుర్గాశంకర్. "తలుపులు తీసుంచుదాం, చాలు."