పదేళ్ళు ఢోకా లేని చక్రం

"మీ దగ్గర కొన్న సూట్‌కేసే ఇది! రెండు వీధులు లాగేసరికి చక్రం ఊడి చేతికొచ్చింది," అంటూ ఆమె షాపులో పోట్లాటకు దిగింది.

సూట్‌కేసులు బాగుచేసే అతను ఆ చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. "రెండు కాదు. ఏదో ఊళ్ళో రాళ్ళు పరిచిన వీధులన్నీ లాగారు. మెట్ల మీద కూడా ఎత్తకుండా ఈడ్చారు. కాదనండి చూద్దాం?"

ఆమె పోట్లాట మరిచిపోయింది. ఊళ్ళు తిరిగి, ప్రయాణికుల కోసం పత్రికలో చిట్కాలు రాయడం ఆమె ఉద్యోగం. "మీరూ వెళ్ళారా ఆ ఊరు?"

"నేనా? ఈ సందు దాటితే దారి తప్పుతాను."

అప్పట్నుంచి ఏ ఊరి నుంచి వచ్చినా ముందు ఆ షాపుకే. జిప్పుకు పట్టిన తుప్పు చూసి అతను "సముద్రం" అనేవాడు. ఆమె స్టూలు లాక్కుని చెప్పుకుపోయేది. "అక్కడ పొద్దున మొదటి పడవే ఎక్కాలి, కుడివైపే కూర్చోవాలి. స్టేషను ఎదురుగా మాత్రం భోంచెయ్యకూడదు, వెనక సందులోకి వెళ్ళాలి." షాపు అతని పిన్నిది. హ్యాండిళ్ళు కుడుతూ ఆవిడ చెవులు రిక్కించి వినేది.

ఒక వానరోజు ఆమె వచ్చి, "ఏడాది టూరు, పదకొండు ఊళ్ళు. మధ్యలో పాడవకుండా చేసిపెట్టండి," అంది.

ఏడాదిదాకా రాదని అతనికి దిగులేసింది. అయినా చేతిపని మీద మమకారం ఊరుకోనివ్వలేదు. ఉన్నవాటిలో మేలైన చక్రాలు తీసి బిగించాడు. "పదేళ్ళు ఢోకా లేదండీ!"

ఆమె ముఖం చిన్నబుచ్చుకుని, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

పిన్ని తల కొట్టుకుంది. "ఓరి పిచ్చి సన్నాసీ! అంత గట్టిగా బిగిస్తే ఆ పిల్ల మళ్ళీ మన గుమ్మం ఎందుకు తొక్కుతుందిరా?"

నిజమే. నాలుగు నెలలు వారం వారం ఆమె చిట్కాలు చదివాడు. ఏ ఊళ్ళో టీ బాగుంటుందో రాసేది గానీ, తిరిగి ఎప్పుడొస్తుందో రాసేది కాదు. షాపు బోసిపోయింది. ఇక రాదేమోనని బెంగపెట్టుకున్నాడు.

ఐదో నెలలో, జోరువానలో, మూడు చక్రాల సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చింది. "చూడండి మీ పదేళ్ళ చక్రం!"

అతను వంగి చూశాడు. మిగతా మూడూ చెక్కుచెదరలేదు. నాలుగో దాని స్క్రూలు మాత్రం శుభ్రంగా విప్పి ఉన్నాయి. "ఇది రాళ్ళ దెబ్బ కాదండీ. స్క్రూడ్రైవరు పని."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఏడు ఊళ్ళు తిరిగాను. ఒక్క చక్రమూ ఊడదే! మీ మీద ఎంత ఒళ్ళు మండిందో తెలుసా?"

"నాకూ మండింది, నా పనితనం మీద. మీరంటే ఇష్టమని చెప్పాల్సింది పోయి చక్రాలు బిగించాను."

"ఇప్పుడు చెప్పారుగా. ఇంకా నాలుగు ఊళ్ళున్నాయి. వస్తారా?"

"దారి తప్పుతానే!"

"దారి నేను చూసుకుంటా. చక్రాలు మీరు చూసుకోండి."

పిన్ని లేచి పై అర నుంచి కొత్త సూట్‌కేసు దించింది. "పెళ్ళి చేసుకుని మరీ వెళ్ళండి. ఇది నీకేరా, ఎప్పుడో సిద్ధం చేశా. చక్రాలు మాత్రం నాసిరకానివి వేశాను."

"అదేంటి పిన్నీ!"

"మరి? త్వరగా తిరిగి రావద్దూ!"